ఎక్కడ కూర్చుని గీశావు?

ఒరేయ్,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోకు. అప్పుడే ఆర్ట్ కాలేజీల వాళ్లు మన బొమ్మల ఫైలు చూసి సలహాలిచ్చే ఆ రివ్యూ నుంచి వచ్చి కూర్చున్నాను. ఎలా జరిగిందని నువ్వడిగితే "బాగానే జరిగిందిరా" అని ఫోన్ పెట్టేశాను గానీ, మనసంతా అక్కడే ఉండిపోయింది. వచ్చే నెల నీ వంతు కదా, అందుకని పొద్దున్నే కూర్చుని అన్నీ రాస్తున్నాను.

ముందు అక్కడ ఎలా ఉంటుందో చెప్తాను. పెద్ద హాలు, ఒక్కో కాలేజీకి ఒక్కో టేబుల్. అవతల ఒకరో ఇద్దరో లెక్చరర్లు, ఇవతల ఫైళ్లు పట్టుకుని మనలాంటి వాళ్ల క్యూ. గంటన్నర నిలబడితే మనకి దొరికేది పావుగంట. అప్లికేషన్ పెట్టేలోపు ఏం తీసెయ్యాలో, ఏం కలపాలో చెప్పడానికే వాళ్లు వస్తారు, సీటు ఇచ్చేదీ లేనిదీ అక్కడ తేలదు. ఈ మాట నాకు ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. పరీక్ష ఫలితాల కోసం వెళ్లినవాడిలా వెళ్లాను, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి.

20 బొమ్మలు పట్టుకెళ్లాను. అన్నిటికంటే పైన ఆ ముసలాయన పోర్ట్రెయిట్ పెట్టాను. నీకు తెలుసుగా, 40 గంటలు పెన్సిల్ పట్టుకుని, గడ్డంలో వెంట్రుక వెంట్రుకా కనిపించేలా గీసింది. చూసినవాళ్లందరూ అచ్చం ఫోటోలా ఉందన్నారు, నువ్వు కూడా. మొదటి టేబుల్ దగ్గర ఉన్న మేడమ్ దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా, "ఇది ఎక్కడ కూర్చుని గీశావు?" అని అడిగారు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఇంట్లో, నా టేబుల్ దగ్గర అన్నాను. "ఈయనకి ఎంత దూరంలో ఉన్నావని అడుగుతున్నాను. నీ కళ్లు ఆయన కళ్లకంటే పైన ఉన్నాయా, కింద ఉన్నాయా? వెలుతురు ఎటునుంచి పడుతోంది?" నేను నోరు తెరవలేకపోయాను. ఆయన్ని నేను చూడనే లేదు కదరా! ఫోటో మీద గళ్లు గీసుకుని, గడి తర్వాత గడి దింపాను. ఆవిడ కోప్పడలేదు, చిన్నబుచ్చలేదు. చెవి వెనక వేలు పెట్టి చూపించారు. ఫోటోలో అక్కడంతా నలుపే ఉంది, నేనూ నలుపే నింపాను. "ఇక్కడ మెడ ఉంది, తల వెనక్కి తిరిగే వంపు ఉంది. ఎదురుగా కూర్చుని ఉంటే ఆ చీకట్లో కూడా నీకు కనిపించేవి. కెమెరా వదిలేసింది, నువ్వూ వదిలేశావు" అన్నారు.

గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. ఆ బొమ్మంటే నాకెంత ఇష్టమో నీకు తెలుసు. ఆవిడకీ అర్థమైనట్టుంది, ఇంత ఓపిక ఉన్న చెయ్యి అందరికీ ఉండదు, ఇకనుంచి దాన్ని కంటి వెంట నడిపించు అన్నారు.

ఆ తర్వాత ఏమైందో విను. ఫైలు తిప్పుతూ తిప్పుతూ కుర్చీ బొమ్మ దగ్గర ఆగారు. చార్‌కోల్‌తో గీసిన మడత కుర్చీ. అసలు పెట్టాలా వద్దా అని చివరిదాకా తేల్చుకోలేక పెట్టింది. వెనక కాలు మూడుసార్లు చెరిపాను, ఆ పాత గీతలు బూడిద రంగులో అలాగే మిగిలిపోయాయి. "దీనికి ఎక్కడ కూర్చున్నావు?" అని మళ్లీ అదే ప్రశ్న. ఈసారి ఆగకుండా చెప్పేశాను. నేల మీద కూర్చున్నాను, అందుకే సీటు పైభాగం సన్నటి పట్టీలా కనిపిస్తోంది. కిటికీ ఎడమపక్క ఉంది. నాలుగు కాళ్లూ ఒకే పొడవని నాకు ముందే తెలుసు కాబట్టి వెనక కాలిని కూడా ముందు కాలంత గీసేస్తున్నాను, కుర్చీ వెనక్కి ఒరిగిపోతోంది. చివరికి కాలిని చూడటం మానేసి, రెండు కాళ్ల మధ్య ఉన్న ఖాళీని చూశాను. పైన వెడల్పుగా, కింద సన్నగా ఒక ముక్క. ఆ ముక్కని గీస్తే కాలు దానంతటదే సరైన చోటికి వచ్చింది. నేను చెప్తుంటే ఆవిడ ఆ చెరిపిన గీతల్ని ఒక్కొక్కటే వేలితో వెతుకుతున్నారు. "ఇవి చెరిపెయ్యకు, ఇలాగే పంపించు" అన్నారు. 20 బొమ్మల్లో ఆవిడ ముఖం వెలిగింది ఆ ఒక్కదానికేరా.

రెండో టేబుల్ దగ్గర సార్ కుర్చీని ఒక్క క్షణం కూడా చూడలేదు! "ఎవరి కుర్చీ? దీన్నే ఎందుకు గీశావు?" అని అడిగి పక్కన పెట్టేశారు. ఆయన పట్టుకున్నవి వెయిటింగ్ రూముల్లో నిద్రపోతున్నవాళ్ల చిన్న చిన్న ఇంకు బొమ్మలు ఆరు. ఇంకా ఉన్నాయా, ఇవే ఎందుకు గీస్తున్నావు, స్కెచ్‌బుక్ ఏది అని వరసగా అడిగారు. మొదట కంగారు పడ్డాను, ఇద్దరిలో ఎవరి మాట పట్టుకోవాలో తెలియలేదు. రాత్రి ఆలోచిస్తే తెలిసింది. ఆవిడ కాలేజీలో మొదటి ఏడాదంతా ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయడమే. ఆయన కాలేజీలో ఆలోచన ఎటు పోతోందో మొదటినుంచీ చూస్తారు. అందుకే ఒకే కట్ట తీసుకెళ్లి అందరికీ పంచకు. సాధారణంగా 10 నుంచి 20 బొమ్మల దాకా అడుగుతారు, లెక్కా నియమాలూ ఏ కాలేజీవి ఆ కాలేజీవే. ముందే చదువుకుని, ఒక్కో చోటికి ఒక్కో వరస కట్టుకో. స్కెచ్‌బుక్ మాత్రం ఇద్దరూ అడిగారు. నేను తీసుకెళ్లలేదు, అక్కడే పెద్ద పొరపాటు చేశాను. నీది ఎంత చిందరవందరగా ఉన్నా సరే పట్టుకెళ్లు, పేజీలు చింపకు.

ఫోటోనో, అచ్చుబొమ్మనో చూసి గీయడం తప్పని అనుకోకు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1880లో, 27 ఏళ్ల వయసులో ఆర్టిస్టు కావాలనుకున్నాక, ఫ్రెంచ్ ఆర్టిస్టు బార్గ్ డ్రాయింగ్ పాఠాల్లోని అచ్చుబొమ్మలు ముందు పెట్టుకుని మళ్లీ మళ్లీ కాపీ చేశాడు. కానీ అక్కడే ఆగిపోలేదు. 1885లో ఆలుగడ్డలు తింటున్న ఆ రైతు కుటుంబం బొమ్మ వెయ్యడానికి ముందు, ఆ చలికాలమంతా రైతుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని 40 తలల దాకా వేశాడు. నిన్న రాత్రి ఆ తలలు చూస్తూ కూర్చున్నాను. ఒక్కోటీ ఎంత మొరటుగా ఉందో, అంత దగ్గరగా ఉంది. ఆయన ఎక్కడ కూర్చున్నాడో ప్రతిదాంట్లోనూ తెలుస్తోందిరా.

పొద్దున్నే ఫోటో చూసి గీసినవి ఐదు పక్కన పెట్టేశాను. ముసలాయన్ని కూడా. తీస్తున్నప్పుడు బాధనిపించింది, అబద్ధం చెప్పను. తర్వాత అద్దం ముందు కూర్చుని సెల్ఫ్ పోర్ట్రెయిట్ మొదలుపెట్టాను. ఒకటి చేసి చూడు: ఒక కన్ను మూసుకుని, అద్దం మీద నీ ముఖం చుట్టూ మార్కర్‌తో గీత గియ్యి. ఎంత దగ్గరికి జరిగినా, ఎంత వెనక్కి వెళ్లినా ఆ గీత నీ ముఖంలో సరిగ్గా సగం సైజే ఉంటుంది. ఇన్నేళ్లుగా రోజూ అద్దం చూసుకుంటున్నాను, ఆ సంగతి ఇవాళే కనిపించింది.

మరిచిపోయేలోపు ఇంకో మాట. చార్‌కోల్ బొమ్మలకి బొగ్గుపొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టి, మధ్యలో బటర్ పేపర్ పెట్టు. నా కుర్చీ నలుపంతా పక్కనున్న వాటర్‌కలర్ మీదికి అంటుకుంది. అప్లికేషన్‌కి ఫోటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వాడకు, నీడపట్టున పగటి వెలుతురులో, కెమెరా బొమ్మకి సరిగ్గా ఎదురుగా పట్టుకుని తియ్యి. వంకరగా పట్టుకుంటే నీ పర్‌స్పెక్టివే, అంటే దగ్గరా దూరాల్ని బట్టి సైజులు చూపించే లెక్కే తప్పనుకుంటారు.

ఆదివారం వస్తావా? నాకు ముసలాయన బదులు ఒక మనిషి కావాలి, నీకూ ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. ముందు నువ్వు కూర్చో, తర్వాత నేను కూర్చుంటాను. 20 నిమిషాలకోసారి లేచి కాళ్లు చాపుకుందాం. లేచేముందు నీ పాదాల చుట్టూ, కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద చాక్‌పీసుతో గీత గీస్తాను, మళ్లీ అక్కడే కూర్చోవాలి. నేను కూర్చున్న చోటు చుట్టూ కూడా గీసుకుంటాను.

నీ జవాబు కోసం చూస్తుంటాను.