నర్సింగ్ థీసిస్‌లు వార్డుకు తిరిగి రావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుని. చాలా ఏళ్లు లేబర్ రూమ్‌లో, ఆ తర్వాత నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో చేశాను. ఇప్పుడు డయాలసిస్ విభాగం చూస్తున్నాను. ఏటా ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థినులు థీసిస్ కోసం మా వార్డులకు వస్తుంటారు. వాళ్ల చేత మనం చేయిస్తున్న పరిశోధన గురించి మీ పాఠకులకు, ముఖ్యంగా నర్సింగ్ కాలేజీలు నడిపేవారికి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

టాపిక్ ఏదైనా అచ్చు ఒకటే. తల్లిపాల గురించి బాలింతలకు, రక్తహీనత గురించి గర్భిణులకు, పాదాల జాగ్రత్త గురించి షుగర్ పేషెంట్లకు ఒక ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్’ పెట్టాలి. దానివల్ల వాళ్లకు తెలిసిన విషయాలు ఎంత పెరిగాయో కొలవాలి. మొదటిరోజు ముప్పై ప్రశ్నల కాగితం ఇస్తారు. చార్టులు పట్టుకుని ముప్పావుగంట పాఠం చెబుతారు. ఏడో రోజు మళ్లీ అదే కాగితం. పాఠం విన్నాక మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? పెరుగుతాయి. టీ-టెస్ట్ అనే గణాంక పరీక్ష వేస్తారు, పీ వాల్యూ 0.05 కంటే తక్కువ వస్తుంది, అంటే తేడా యాదృచ్ఛికం కాదని లెక్క, కార్యక్రమం ప్రభావవంతమని తేలిందని రాస్తారు. రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, వైవా, ఆ తర్వాత కాలేజీ లైబ్రరీ బీరువా. నేను చూసినంతలో ఎక్కువ థీసిస్‌ల కథ ఇదే.

ఆ పిల్లలను నేను తప్పు పట్టడం లేదు. రెండేళ్ల కోర్సులో తరగతులు, వార్డు డ్యూటీలు, అసైన్‌మెంట్లు పోగా మిగిలిన కొద్ది వారాల్లో డేటా తీసుకోవాలి. జిరాక్సు దగ్గర నుంచి స్టాటిస్టీషియన్ ఫీజు దాకా డబ్బు వాళ్లే పెట్టుకుంటారు. గైడ్ ఒప్పుకునే టాపిక్, పర్మిషన్ తొందరగా వచ్చే టాపిక్, గడువులోగా పూర్తయ్యే టాపిక్ ఎంచుకుంటారు. ఎవరైనా అదే చేస్తారు.

కానీ మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి చూడండి. సిజేరియన్ అయిన మూడో రోజు, కుట్లు లాగుతుంటే ఒత్తిగిలి పడుకుని బిడ్డకు పాలివ్వడానికి తంటాలు పడుతున్న ఒక బాలింత చేతిలో తల్లిపాల మీద ప్రశ్నపత్రం పెట్టడం చూశాను. బిడ్డ నోరు సరిగా పట్టక చనుమొన చిట్లి రక్తం వస్తోంది. ఆమె తల్లి కల్పించుకుని, ‘‘ఉండమ్మా, ముందు పిల్లకి పాలు పట్టనీ’’ అంది. ఆ విద్యార్థిని కాగితం పక్కన పెట్టి, బిడ్డ నోరు ఎలా పట్టించాలో దగ్గరుండి చూపించింది. పది నిమిషాల్లో బిడ్డ గుటకలు వేయడం వినిపించింది. ఆ పది నిమిషాల పని ఆమె థీసిస్‌లో ఎక్కడా లేదు. దాన్ని రాయడానికి అందులో గడి లేదు. తల్లికి ఎన్ని మార్కులు వచ్చాయన్నదే ఉంది. ఇంటికి వెళ్లాక ఆ తల్లి పాలే ఇచ్చిందా, డబ్బా పాలు పట్టిందా, నెల తిరిగేసరికి బిడ్డ బరువెంత అన్నది ఎవరూ కొలవలేదు.

నర్సు కంటితో చూసిన విషయం వైద్యాన్ని ఎంత మార్చగలదో చెప్పడానికి ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రి ఉదంతం నా విద్యార్థినులకు ఎప్పుడూ చెబుతాను. 1956లో అక్కడ నెలలు నిండని పిల్లల విభాగానికి ఇన్‌ఛార్జి నర్సు పేరు సిస్టర్ వార్డ్. మంచి ఎండ కాసిన రోజుల్లో ఆమె పిల్లలను ఆరుబయటికి తీసుకెళ్లేది. ఒకరోజు రౌండ్స్‌లో ఒక బిడ్డ ఒంటిమీది బట్ట తీసి డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గి పాలిపోయి ఉంది, దుప్పటి కొస కప్పి ఉన్న చోట మాత్రం ముదురు పసుపు అలాగే ఉంది. ఎండ తగిలిన చోట కామెర్లు తగ్గాయని ఆమె గమనించింది. దాని ఆధారంగా డాక్టర్ క్రెమర్, ఆయన సహచరులు చేసిన పరిశోధన 1958లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈరోజు మా శిశువుల వార్డులో నీలం లైట్ల కింద కళ్లకు గంతలతో పడుకోబెట్టే పిల్లల వైద్యం మొదలైంది అక్కడే. ఆ వ్యాసం రాసినవారి పేర్లలో సిస్టర్ వార్డ్ పేరు లేదు. (మన ఇళ్లలో పెద్దవాళ్లు పసిపిల్లలను పొద్దుటి ఎండలో పెడతారు. దాన్నే వైద్యమనుకుని కామెర్లు ముదిరిన బిడ్డను ఇంట్లో ఉంచేసుకోవద్దు. అరికాళ్ల దాకా పసుపు దిగితే వెంటనే ఆసుపత్రికి తేవాలి.)

అంత దూరం ఎందుకు, మన పక్క రాష్ట్రంలోనే ఇంకా గొప్ప పని జరిగింది. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో కాన్పు తర్వాత అధిక రక్తస్రావం రాకుండా ఆపడానికి మిసోప్రోస్టాల్ మాత్ర పనిచేస్తుందా అని ఒక పెద్ద పరిశోధన చేశారు. మాత్ర ఇచ్చింది, రక్తం కొలిచింది డాక్టర్లు కాదు, ఏఎన్‌ఎంలు. మన సబ్‌సెంటర్లలో ఉండే ఏఎన్‌ఎం అమ్మల లాంటివాళ్లే. 1,620 మంది తల్లులు అందులో ఉన్నారు. అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. 2006లో ఆ ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా కొలిచి చూడాలని అక్కడే ఒక ప్లాస్టిక్ డ్రేప్ తయారుచేశారు. కాన్పు కాగానే తల్లి నడుము కింద పరిస్తే రక్తమంతా సంచిలోకి దిగుతుంది, సంచి మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి.

లేబర్ రూమ్‌లో పనిచేసినవాళ్లకే దీని విలువ తెలుస్తుంది. గాజ్ గుడ్డలు ఎన్ని తడిశాయి, కిడ్నీ ట్రేలో ఎంత పడింది, షీటు మీద ఎంత ఉంది అని చూసి ‘‘ఓ మూడు వందలు ఉంటుంది’’ అని కేస్‌షీటులో రాస్తాం. చాలాసార్లు అసలు పోయింది దానికంటే ఎక్కువ. తల్లి చెమటలు పట్టి, నాడి పరుగెత్తే దాకా సంగతి తెలియదు. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా కాన్పులపై జరిగిన ఈ-మోటివ్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. అక్కడ మిడ్‌వైఫ్‌లు ఇలాంటి డ్రేప్ వాడి, రక్తం ప్రమాద గీత దాటగానే గర్భసంచి మర్దన, రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్, ట్రనెక్సామిక్ ఆసిడ్ మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. పాత పద్ధతిలో నడిచిన ఆసుపత్రుల్లో అధిక రక్తస్రావం కేసుల్లో సగమే గుర్తించగలిగితే, డ్రేప్ వాడిన చోట 93 శాతం గుర్తించారు. ప్రాణం మీదికి వచ్చే కేసులు 60 శాతం తగ్గాయి. ఆ పనిలో ఖరీదైన యంత్రమేదీ లేదు. ఒక ప్లాస్టిక్ సంచి, గీత దాటగానే డాక్టర్ వచ్చేదాకా ఆగకుండా పని మొదలుపెట్టగల నర్సు ఉంటే చాలు.

మన పక్కనే బెళగావిలో ఏఎన్‌ఎంలు ఇంత చేసి చూపించాక కూడా, మన కాలేజీల్లో ‘కాన్పు తర్వాత రక్తస్రావం గురించి స్టాఫ్ నర్సులకు ఎంత తెలుసు’ అనే ప్రశ్నపత్రం దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. నర్సులకు తెలుసు. ఒక్క లేబర్ రూమ్‌లో మూడు నెలలు డ్రేప్ పెట్టి, కంటి అంచనాకూ కొలతకూ తేడా ఎంతో రాస్తే చాలు, ఆ కాగితం సూపరింటెండెంట్ టేబుల్ మీద పెట్టి స్టాకు అడగవచ్చు.

శిశువుల వార్డులోనూ ఇదే అవసరం. తక్కువ బరువు బిడ్డను తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. పుట్టిన వెంటనే, బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా మొదలుపెడితే ఏమవుతుందో ఐదు దేశాల్లో పరీక్షించి 2021లో ఫలితం చెప్పారు. అందులో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా ఉంది. 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇది మేలు చేస్తుందని ఇక మనం రుజువు చేయనక్కర్లేదు. మా వార్డులో తల్లులు రోజుకు రెండు మూడు గంటలకు మించి ఎందుకు పెట్టుకోలేకపోతున్నారన్నది తేలాలి. వాలుగా కూర్చునే కుర్చీ లేకనా? మే నెల ఉక్కపోత వల్లా? మగవాళ్లు తిరిగే వార్డులో తెర లేకనా? సిజేరియన్ అయిన తల్లి వేరే అంతస్తులో ఉండటం వల్లా? అమ్మమ్మనో, నాయనమ్మనో, తండ్రినో పెట్టుకోనిస్తే ఎన్ని గంటలు పెరుగుతాయి? గడియారం చూసి రాసుకునే ఈ పరిశోధనకు డబ్బు అక్కర్లేదు. దీని జవాబుతో వార్డులో మంచాలు, తెరలు మార్చుకోవచ్చు.

ఇక నేను ఇప్పుడు రోజూ చూసే డయాలసిస్ సంగతి. ఉద్దానం గురించి మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. కారణం ఏమిటని పెద్ద పెద్ద సంస్థలు నీళ్లను, మట్టిని, రక్తాన్ని పరీక్షిస్తున్నాయి, పరీక్షించాలి కూడా. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. మంచిదే. కానీ జబ్బు వచ్చేసిన మనిషి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను పక్కన పడుకున్నాక, మిగిలిన గంటలన్నీ ఇంట్లో ఎలా బతుకుతున్నాడన్నది నర్సులు చేయాల్సిన పరిశోధన. ఆ నాలుగు గంటలూ పక్కన ఉండేది మేమే కదా.

డైట్ చార్టులో కొబ్బరినీళ్లు వద్దని ఉంటుంది. వాటివల్ల ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మా పేషెంట్లలో సగం మందికి ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. తోట పనికి పోతే దాహానికి చేతికందేది బొండమే. నీళ్లు రోజుకు లీటరు దాటవద్దంటాం. పొద్దున్నే అంబలి తాగే మనిషి దాన్ని నీళ్ల లెక్కలో వేసుకోవాలని ఎవరు చెప్పారు? ఎండుచేప లేకుండా ముద్ద దిగని ఇంట్లో ఉప్పు ఎలా తగ్గిస్తారు? ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో బరువు ఎత్తవద్దంటాం. ఇద్దరు పిల్లలున్న ఆడమనిషి బిందె ఏ చేత్తో ఎత్తుతోందో, బిడ్డను ఏ చంకన వేసుకుంటోందో అడిగినవాళ్లు లేరు. బస్సు ఖర్చుకో, ఆ రోజు కూలి పోతుందనో వారంలో ఒక డయాలసిస్ ఎగ్గొట్టేవాళ్లున్నారు. ఆయాసంతో అర్ధరాత్రి వచ్చేది ఎక్కువగా వాళ్లే.

ఒక విద్యార్థిని ఫారం పట్టుకుని వస్తే ఒక పెద్దాయన, ‘‘ఈ కాయితం పింఛను కోసమా తల్లీ?’’ అని అడిగాడు. కాదంటే సంతకం పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆయన నుంచి మనం అరగంట తీసుకున్నాం, తిరిగి ఏమిచ్చాం? పరిశోధనలో పాల్గొన్నవారికి ఫలితం చేరాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నైతిక నియమావళి కూడా చెబుతోంది.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల హెల్త్ యూనివర్సిటీలను, నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లను నేను కోరేది ఇది. ఎమ్మెస్సీ నర్సింగ్ టాపిక్ ఖరారు చేసేముందు, డేటా తీసుకునే వార్డు ఇన్‌ఛార్జి నర్సును ‘మీకు ఏది తేలాలి’ అని ఒకసారి అడగండి. మార్కులు కాకుండా బిడ్డ బరువు, తల్లి పోగొట్టుకున్న రక్తం, రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగిన కిలోలు, మళ్లీ అడ్మిట్ అయిన రోజులు, ఇలాంటివి కొలిచే టాపిక్‌లకు గైడ్‌లు ధైర్యంగా ఒప్పుకోవాలి. ఒక్కో విద్యార్థిని ముప్పై మందితో వేర్వేరు టాపిక్ చేసే బదులు, ఒక బ్యాచ్ మొత్తం ఒకే ప్రశ్నను నాలుగైదు ఆసుపత్రుల్లో చేస్తే నమ్మదగిన జవాబు వస్తుంది. తర్వాతి బ్యాచ్ దాన్ని అక్కడి నుంచి అందుకోవచ్చు. థీసిస్ సమర్పించేటప్పుడే రెండు పేజీల తెలుగు సారాంశం రాయించి, డేటా తీసుకున్న వార్డుకు పంపడాన్ని నిబంధన చేయండి. రిటైరయ్యేలోపు ఒక్కటైనా అలా నా వార్డుకు వస్తుందని ఆశ.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు పరిశోధనలో పాలుపంచుకోవాలంటే ఆమెకు వారానికి కొన్ని గంటలైనా వార్డు నుంచి విడుదల కావాలి. రాత్రిపూట ఒక్కతే వార్డంతా చూసే మనిషిని డేటా రాయమనడం కుదరదు. ఖాళీ పోస్టులు నింపడం దీనికి కూడా అవసరం.

వచ్చే విద్యా సంవత్సరం టాపిక్‌లు ఇంకా ఖరారు కాలేదు. ఏ కాలేజీ అయినా ముందుకొస్తే, కొబ్బరితోటల్లో పనిచేసే డయాలసిస్ పేషెంట్లు వేసవిలో దాహాన్ని ఎలా తట్టుకుంటున్నారు, ఎవరి పద్ధతి వల్ల బరువు అదుపులో ఉంటోంది అన్నదానితో మొదలుపెట్టమని అడుగుతాను. ప్రతి డయాలసిస్‌కు ముందూ తర్వాతా మేం తీసే బరువులు మా రిజిస్టర్లలో ఉన్నాయి. పై అధికారుల అనుమతి, పేషెంట్ల సమ్మతి తీసుకుని వచ్చే విద్యార్థినికి వాటిని దగ్గర కూర్చుని చూపించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక హెడ్ నర్సు,
శ్రీకాకుళం జిల్లా