దసరా దులుపుడు, పాత ఫోన్లు: తల్లిదండ్రులకు ఒక విన్నపం

మన బడి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒకరోజు బడి వదిలినంక ప్రహరీగోడ వెనక నల్లటి పొగ లేచింది. పోయి చూస్తే ఏడో తరగతి పిల్లలు ఇద్దరు మూడు రాళ్ల నడుమ వైర్ల చుట్ట పెట్టి కాలుస్తున్నారు. పైతొడుగు కాలిపోతే లోపలి రాగి తీగను తుక్కు దుకాణంలో అమ్ముకోవచ్చని. ఒకడి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. దగ్గుకుంటూనే పుల్లతో మంట ఎగదోస్తున్నాడు. నన్ను చూడగానే, "మా ఇంట్ల పాత కూలర్ వైరే సార్, ఎవలదీ ఎత్తుకరాలే" అన్నాడు. దొంగతనం అంటగడతానేమోనని వాడి భయం. నాకు భయమేసింది ఆ పొగను చూసి.

వైరు మీద ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్. అది కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబు గాజులో సీసం, ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటాయి. సీసం ఒంట్లోకి పోతే పెద్దలకన్నా పిల్లలకే ఎక్కువ చేటు. ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ చదువులో కనబడుతుంది. నేలలో ఉన్నది నీళ్లలోకి దిగితే ఏమవుతుందో నల్లగొండ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. వంకరపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూసినోళ్లం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే ఉంది. అయితే ఫ్లోరైడ్ రాతిలోంచి వచ్చింది, ఎవరూ తెచ్చి పోసింది కాదు. టీవీ పగలగొట్టి కాలువ గట్టున పారబోస్తే ఆ సీసం మనం పోసిందే.

ఆ పొగ చూసిన తెల్లారి మా సైన్స్ టీచరు ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పారు: ఇంట్లో పనిచేయని కరెంటు వస్తువులన్నీ రాసుకొని రండి అని. సజ్జల మీద, బీరువాల్లో, బియ్యం డబ్బా వెనక, ఎన్ని బయటపడ్డాయో! ఫోన్లు, చార్జర్లు, రిమోట్లు, సెట్‌టాప్ బాక్సులు, టార్చిలైట్లు. ఎందుకు దాచారంటే, "ఎప్పుడన్న బాగుచేపిద్దామని" అని కొందరు. ఎక్కువమంది ఇండ్లలో వచ్చిన జవాబు మాత్రం ఒకటే: "పైసలు పెట్టి కొన్నది ఊరికే ఎట్లిస్తం?"

ఆ మాటను నేను తప్పుపట్టను. కూలి డబ్బులతో కొన్న ఫోను అది. అందుకే బండి మీద వచ్చి పాత ఫోనుకు ప్లాస్టిక్ టబ్బు ఇస్తానంటే ఇచ్చేస్తాం. ఆ ఫోను ఎవరి చేతికి పోతుందో, అందులోని నంబర్లు, ఫోటోలు ఏమవుతాయో అడగం. తుక్కు కొనేవాళ్లనూ నేను నిందించను, వాళ్లవీ కష్టజీవుల బతుకులే, ఆ పొగ ముందు పీల్చేది వాళ్లే. కానీ వాళ్లకు గిట్టుబాటయ్యేది రాగి, ఇనుము, అల్యూమినియం. మిగిలింది కాల్చేస్తారు, లేదంటే ఎక్కడో పారేస్తారు. మనకు దక్కిన టబ్బు వెల అక్కడ తీరుతోంది. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు, అంటే పారేసిన కరెంటు, ఎలక్ట్రానిక్ వస్తువులు, పోగైతే, సరైన పద్ధతిలో రీసైకిల్ అయినట్టు లెక్కకు వచ్చింది నూటికి 22 పాళ్లే.

దారి లేక కాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల ప్రకారం, వస్తువు తయారుచేసిన కంపెనీలే దాని రీసైక్లింగ్ బాధ్యత మోయాలి, అదీ ప్రభుత్వం దగ్గర నమోదైన రీసైక్లర్ల ద్వారానే. ఫోన్ల సర్క్యూట్ బోర్డుల్లో బంగారం, వెండి, పల్లాడియం ఉంటాయి. వాటిని పద్ధతి ప్రకారం వేరుచేసే సాంకేతికత మీద హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పనిచేస్తోంది.

ఇందులో మా తప్పూ ఉంది. మూడేళ్ల కింద కంప్యూటర్ గదిలోని పాత మానిటర్లను విరిగిన బెంచీలతో కలిపి తుక్కుకే అమ్మేశాం. అవి ఎక్కడ పగిలాయో నాకు తెలియదు, తలుచుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది. ఈసారి మీ ఇళ్లలోని పాత కరెంటు సామాను బడిలో సేకరిస్తున్నాం, బడి సామాను కూడా దాంతో పాటే నమోదైన రీసైక్లర్‌కు పోతుంది. వాళ్లిచ్చే రసీదు నోటీసు బోర్డు మీద పెడతాం.

దసరాకు ఎలాగూ ఇల్లు దులుపుతారు. సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి వారమంతా స్టాఫ్ రూము ముందు ఆ సామాను వేయడానికి డబ్బా ఉంటుంది. సిమ్ము, మెమరీ కార్డు తీసి, ఫోను ఇంకా వెలుగుతుంటే అందులోని వివరాలు చెరిపేసి పంపండి. ఉబ్బిన బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, టీవీలు పిల్లల చేతికి ఇవ్వకండి, పెద్దలే తెచ్చివ్వండి. ఉబ్బిన బ్యాటరీకి ఏదైనా గుచ్చుకుంటే మంట లేవొచ్చు. బాగయ్యే వస్తువైతే ముందు బాగుచేయించుకోండి, పని చేసే రేడియోను డబ్బాలో వేయొద్దు.

ఒక పాప తన కాగితం మీద, "తాత ఫోను. ఇయ్యం. తాత ఫోటోలు అండ్లనే ఉన్నయ్" అని రాసింది. అలాంటి ఫోన్లు ఉన్నవాళ్లు ఆ వారంలో సాయంత్రం నాలుగున్నరకు కంప్యూటర్ గదికి తీసుకురండి. ఫోటోలు బయటికి తీయడానికి మా కంప్యూటర్ సారు వీలైనంత ప్రయత్నం చేస్తారు. ఆ తర్వాత ఫోను ఇవ్వాలా, ఉంచుకోవాలా అన్నది మీ ఇష్టం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు