లోటు అంకె ఒక్కటే చెబితే ఎలా మంత్రిగారూ?

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి పీయూష్ గోయల్ గారికి,

నమస్కారం.

మీ శాఖ ప్రతి నెలా మధ్యలో ఎగుమతి దిగుమతుల లెక్కలు విడుదల చేస్తుంది కదా, ఆ రోజు టీవీల్లోనూ ఫోన్లలోనూ ఒకటే గోల, చైనాతో లోటు మళ్లీ పెరిగిందని. 2024-25లో చైనా దగ్గర మనం కొన్నది సుమారు 113 బిలియన్ డాలర్ల సరుకు, వాళ్లకు అమ్మింది 14 బిలియన్ల పైచిలుకు, తేడా 99 బిలియన్లు. సాయంత్రానికల్లా ఒక పక్క చైనా సరుకు బహిష్కరించాలనే పోస్టులు (అవి పెట్టింది ఏ ఫోన్లోంచో చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు), ఇంకో పక్క మన దేశం ఇంతే, ఎప్పటికీ బాగుపడదనే నిట్టూర్పులు. నాకు ఈ రెండూ విసుగే. కానీ ఈ గోలకు మీ శాఖ కూడా కొంత కారణం. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చైనా దిగుమతులు ఆపుకుని ఎగుమతిదారు కాలేదు. తమ ఫ్యాక్టరీలకు ఏం కావాలో చూసి, దాన్ని సుంకం లేకుండా, చిక్కు లేకుండా రానిచ్చి అయింది. మనం మాత్రం దిగుమతి అనగానే తప్పు చేసినట్టు ముఖం పెడతాం. ఫ్యాక్టరీకి కావలసిన దారం, ఇంట్లో పెట్టుకునే బొమ్మ, రేపు ఆగిపోతే దేశమే ఇబ్బంది పడే మందుల ముడిసరుకు, ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ఒకే అంకె చెబుతాం. ఆ అంకె చూసి విధానాలు చేస్తే ఎటు పోతామో మీకు నేను చెప్పాలా?

కొంచెం వెనక్కి వెళదాం. ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కల ప్రకారం 1948లో ప్రపంచ సరుకు ఎగుమతుల్లో మన వాటా 2.2 శాతం, చైనాది 0.9. అవును, మనదే ఎక్కువ. 1973 నాటికి మనది 0.5కి పడిపోయింది. చైనా నాయకుడు డెంగ్ షియావోపింగ్ తలుపులు తెరిచింది 1978 డిసెంబరులో, అంటే మన వాటా పోయినప్పటికి చైనా ఇంకా బరిలోకే దిగలేదు. మన వాటా ఎవరూ లాక్కోలేదు, మనమే వదిలేసుకున్నాం. ఇప్పుడు మనది 1.8 శాతం దగ్గర తిరుగుతోంది, వాళ్లది 14 శాతం దాటింది. డెబ్భై ఏళ్లు దాటినా 1948 నాటి వాటా మనకు సరుకుల్లో తిరిగి రాలేదంటే ఏ పార్టీ వాళ్లైనా కాస్త తల దించుకోవాల్సిందే.

ఇంకో విషయం, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎగుమతుల కోసం ప్రత్యేక మండలం అనే ఆలోచన చైనా కంటే ముందు మనకే వచ్చింది. గుజరాత్‌లోని కాండ్లాలో 1965లోనే పెట్టాం, ఆసియాలో అదే మొదటిదని చెబుతారు. చైనా షెన్‌జెన్, జుహాయ్, షాంటౌ, షియామెన్‌లను ప్రకటించింది 1980లో, మన తర్వాత పదిహేనేళ్లకు. తేడా ఎక్కడ వచ్చింది? షెన్‌జెన్ మండలం మూడు వందల చదరపు కిలోమీటర్ల పైనే, అంటే ఒక నగరమంత, అందులో కూలీలు ఉండే గదులు, రోడ్లు, రేవు అన్నీ కలిపి. మనం 2005లో సెజ్ చట్టం తెచ్చాక ఐటీ సెజ్‌కి 10 హెక్టార్లు చాలన్నాం. నాలుగు ఆఫీసు భవనాలు కట్టి పన్ను మినహాయింపు తీసుకుంటే అదీ సెజ్జే! భూములు పోయిన రైతుల గొడవ వేరే కథ, అది ఇక్కడ మొదలుపెడితే ఉత్తరం ముగియదు.

ఆ మండలాల్లో వాళ్లు చేసిందేమిటంటే, విదేశీ కంపెనీ గుడ్డ పంపితే కుట్టడం, విడిభాగాలు పంపితే బిగించడం, మళ్లీ ఓడెక్కించడం. ఎగుమతికి వాడే ముడిసరుకు మీద సుంకం లేదు. 1990ల నడుమ నుంచి దాదాపు పదేళ్ల పాటు చైనా ఎగుమతుల్లో సగానికి పైగా ఇలాంటి బిగింపు సరుకే. 2005 ప్రాంతంలో వాళ్ల ఎగుమతుల్లో సగానికి పైగా చేసింది విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీలే. అప్పుడు చైనాలో ఎవరూ ఇది స్క్రూడ్రైవర్ పని, ఇందులో మన సొంతం ఏముందని ఎగతాళి చేసి పని ఆపేయలేదు. బిగించే చోటే మెల్లగా విడిభాగాల వాళ్లు చేరారు, ఆ తర్వాత యంత్రాలు చేసేవాళ్లు చేరారు. ఇంత చేశాక కూడా 2024లో చైనా దిగుమతులు 2.6 ట్రిలియన్ డాలర్ల దగ్గర ఉన్నాయి, అమెరికా తర్వాత ప్రపంచంలో అంత కొనేది వాళ్లే. 2024-25లో మన సరుకు దిగుమతులు 720 బిలియన్లు. అంటే ఎగుమతుల్లో మొనగాడైన దేశం మన కంటే మూడు రెట్లు పైనే దిగుమతి చేసుకుంటోంది, అయినా అక్కడ ఎవరికీ టెన్షన్ లేదు.

అదే కాలంలో మనం ఏం చేశాం? 1967లో 47 వస్తువులతో మొదలుపెట్టి, చిన్న పరిశ్రమలే చేయాలని వందల వస్తువులను రిజర్వు చేసి పెట్టాం. బట్టలు కుట్టడం 2000 దాకా అందులోనే ఉంది, నిట్‌వేర్ 2005 దాకా, చివరి 20 వస్తువులను తీసేసింది 2015లో. 2005 జనవరి 1న ప్రపంచ బట్టల వ్యాపారంలో ఏ దేశం ఎంత అమ్మాలనే కోటాలు ఎత్తేసేసరికి చైనా దగ్గర వేల మంది పనిచేసే షెడ్లు సిద్ధంగా ఉన్నాయి, మన దగ్గర చిన్నగా ఉండడమే చట్టం అని నేర్చుకున్న యజమానులు ఉన్నారు. ఉద్దేశం మంచిదే, కాదనను. ఫలితం మాత్రం బంగ్లాదేశ్‌కి వెళ్లింది.

ఇప్పుడు మీ హయాంలో జరిగిన మంచి సంగతి. 2020లో ఇక్కడ తయారు చేసి అమ్మిన దాన్ని బట్టి కంపెనీలకు ప్రోత్సాహక సొమ్ము ఇచ్చే పీఎల్‌ఐ పథకం తెచ్చారు, 2024-25లో స్మార్ట్‌ఫోన్ల ఎగుమతి 24 బిలియన్ డాలర్లు దాటి మన ఎగుమతుల జాబితాలో పైకి వచ్చింది. శ్రీపెరుంబుదూరు దగ్గర 18,720 మంది ఆడపిల్లలు ఉండేలా హాస్టల్ కట్టారు. షెన్‌జెన్ నేర్పిన పాఠం మనకు నలభై ఏళ్లు ఆలస్యంగానైనా తలకెక్కింది, సంతోషం. కానీ ఆ ఫోన్లలో వేసే భాగాల్లో ఎక్కువ వచ్చేది ఎక్కడి నుంచి? చైనా నుంచే. ఫోన్ల ఎగుమతి పెరిగే కొద్దీ చైనాతో లోటూ పెరుగుతుంది, ఫోను వెళ్లేది అమెరికాకు, భాగం వచ్చేది చైనా నుంచి కాబట్టి. అంటే మనం బాగా చేసిన పని మీ పట్టికలో మన తప్పులా కనిపిస్తోంది. దాన్ని వివరించే వాక్యం ఒక్కటి కూడా లేకుండా అంకెను జనం మీదకు వదిలేస్తే వాళ్లేం చేస్తారు, తిట్టుకుంటారు. యంత్రాలు బిగించి చూపించే చైనా ఇంజినీరుకు వీసా ఆలస్యం చేస్తే మనకు దేశభక్తి అనిపిస్తుంది, ఇక్కడ లైను మొదలు కాక ఫ్యాక్టరీ ఖాళీగా కూర్చుంటుంది.

బట్టల సంగతి ఇంకా విచిత్రం. ప్రపంచం కొనే బట్టల్లో ఎక్కువ భాగం పాలిస్టర్, విస్కోస్ లాంటి కృత్రిమ నూలువి. మనం మాత్రం చాలాకాలం ఆ పీచు మీద 18 శాతం, నూలు మీద 12, గుడ్డ మీద 5 శాతం జీఎస్టీ వేశాం. పైకి వెళ్లే కొద్దీ తక్కువ, మొదట్లోనే ఎక్కువ. దానికి తోడు నాణ్యత ఉత్తర్వుల పేరుతో, అంటే క్యూసీఓలతో, బయటి పీచు రాకుండా కట్టడి. దీనివల్ల లోపల పీచు చేసే కొద్ది మంది పెద్దలకు ధర దొరికింది, కుట్టే వేల మంది చిన్నవాళ్లకు నష్టం దొరికింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ సరిచేశారు, నవంబరులో పాలిస్టర్, ప్లాస్టిక్ ముడిసరుకుల మీద కొన్ని క్యూసీఓలు రద్దు చేశారు. థాంక్స్, మనస్ఫూర్తిగానే. కానీ ఒక మాట అడగాలి, ఆ ఉత్తర్వులు పెట్టేటప్పుడు ఎగుమతి చేసేవాడిని ఎవరైనా పిలిచి అడిగారా? తయారైన వస్తువు మీద కంటే దాని ముడిసరుకు మీదే సుంకం ఎక్కువగా ఉండే ఈ తలకిందుల సుంకాలు ఇంకా ఎన్ని రంగాల్లో మిగిలాయో మీ దగ్గర జాబితా ఉండే ఉంటుంది. అది బయట పెట్టండి.

అన్నీ రానివ్వండి అని కూడా నేను అనడం లేదు. కొన్ని దిగుమతులు నిజంగానే భయపెట్టేవి. మన మందుల కంపెనీలు దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో, అంటే మందుల ముడిసరుకులో, దాదాపు 70 శాతం చైనావే. యాంటీబయాటిక్ మందులకు మూలమైన పెన్సిలిన్ జి ఒకప్పుడు మనమే చేసుకునేవాళ్లం, చైనా ధరకు తట్టుకోలేక మూసేశాం, మళ్లీ పీఎల్‌ఐ సొమ్ముతో కాకినాడ దగ్గర ఫ్యాక్టరీ లేచింది. అది మొదలైన దగ్గర్నుంచీ ఉన్న ప్రశ్న ఒకటే, చైనా మళ్లీ ధర దించితే ఏం చేస్తాం? అలాగే 2025 ఏప్రిల్‌లో చైనా రేర్ ఎర్త్ మూలకాల్లో ఏడు రకాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు ఎగుమతి లైసెన్సు పెట్టగానే మన కార్ల, ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు ఢిల్లీ చుట్టూ తిరిగాయి. డబ్బులో చూస్తే ఆ అయస్కాంతాల దిగుమతి ఎంతని? మొత్తం లోటులో కంటికి కూడా కనిపించదు. భయపడాల్సింది అలాంటి చిన్న అంకెలకు. ఈ మూలకాలు దొరికే మోనజైట్ ఖనిజం ఉన్న ఇసుక మన ఆంధ్రా, ఒడిశా, కేరళ తీరాల్లోనే ఉంది, అయస్కాంతాల కోసం 7,280 కోట్ల రూపాయల పథకానికి 2025 నవంబరులో కేబినెట్ ఒప్పుకుంది కూడా. కానీ ఇసుక నుంచి అయస్కాంతం దాకా మధ్యలో ఎన్నో మెట్లు, వాటి మీద చైనా దశాబ్దాల పాటు కూర్చుని పని చేసింది. పథకం గడువు లోపు అద్భుతాలు ఆశించకండి, గడువు ముగియగానే ఆపేయకండి.

చైనా సహా ఆసియా పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ గురించి కూడా రెండు మాటలు. 2019 నవంబరులో బ్యాంకాక్‌లో మనం బయటికొచ్చినప్పుడు చెప్పిన పెద్ద కారణం చైనా సరుకు ముంచెత్తుతుందని. 2019-20లో చైనాతో లోటు 49 బిలియన్ల లోపు. చేరలేదు, గోడ అలాగే ఉంది, ఐదేళ్లలో లోటు రెట్టింపు అయింది. చేరి ఉంటే ఇంకా పెరిగేదని మీవాళ్లు అనొచ్చు, అననివ్వండి. చేరకపోవడం వల్ల ఆగిందని మాత్రం ఎవరూ అనలేరు.

మన వైపు బలం సేవలు. 2024-25లో సేవల ఎగుమతి 387 బిలియన్ డాలర్లు, అందులో మనకు మిగులు, చైనాకు సేవల్లో పెద్ద లోటు. ఈ ఒక్క చోట వాళ్ల మీద మనది పైచేయి. కానీ ఐటీ ఉద్యోగం పదో తరగతి చదివిన అమ్మాయికి రాదు, ఆమెకు కావాల్సింది కుట్టు షెడ్డు, ఫోన్ల లైను, రొయ్యల ప్లాంటు. అందుకే సరుకుల గొడవ వదలడానికి లేదు.

ఇక చైనాను దేవుణ్ణి చేసేవాళ్లకు ఒకటి. 2024లో వాళ్ల మిగులు దాదాపు ట్రిలియన్ డాలర్లు, 2025లో అది దాటేసింది కూడా. ఇంట్లో జనం ఖర్చు పెట్టడం తక్కువ, ఫ్యాక్టరీలు మాత్రం ఆగవు, ఆ మిగిలిన సరుకంతా ప్రపంచం మీద పడుతోంది, అందుకే యూరప్ 2024లో వాళ్ల ఎలక్ట్రిక్ కార్ల మీద అదనపు సుంకాలు వేసింది. వాళ్లు నడిచొచ్చిన దారి మనం వచ్చేసరికి ఇరుకైపోయింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం వేసినప్పుడు రొయ్యల రైతులకు అది అర్థమైంది.

చివరిగా ఒక ఫిర్యాదు, ఇది చైనా మీద కాదు, మన మీదే. 2021లో మన నూకలకు అతి పెద్ద గిరాకీ చైనా నుంచే వచ్చింది. 2022 సెప్టెంబరులో ఎగుమతి నిషేధించాం. అదే ఏడాది మేలో గోధుమలు, 2023 జులైలో తెల్ల బియ్యం, డిసెంబరులో ఉల్లి, అన్నీ ఒక్క నోటిఫికేషన్‌తో. ధరలు పెరిగితే ప్రభుత్వానికి ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ ఓడ బుక్ చేసుకున్నవాడు ఏం కావాలి? కొనేవాడు ఒకసారి మోసపోతే వియత్నాంకో థాయ్‌లాండ్‌కో వెళతాడు, నిషేధం ఎత్తేశాక తిరిగి రమ్మంటే రావడానికి వాడికేం పట్టింది? మన తేజ రకం మిర్చిని కూడా ఎక్కువగా కొనేది చైనానే. అక్కడా ఇలా చేయకుండా ఉంటే చాలు.

2023 విదేశీ వాణిజ్య విధానంలో 2030 నాటికి 2 ట్రిలియన్ డాలర్ల ఎగుమతులు అన్నారు. ఆ లక్ష్యం మీద నేను జోకులు వేయను. నేను అడిగేది చిన్నది. ప్రతి నెలా ఇచ్చే ఆ పత్రికా ప్రకటనలోనే చైనా దిగుమతులను మూడుగా విడదీసి చూపించండి: ఎగుమతి చేసే ఫ్యాక్టరీలకు వెళ్లే విడిభాగాలు, యంత్రాలు ఎంత, నేరుగా దుకాణానికి వెళ్లే వస్తువులు ఎంత, ఇంకెక్కడా దొరకనివి ఏమిటి. కస్టమ్స్ దగ్గర ప్రతి బిల్లు కోడ్‌తో సహా ఉంది కాబట్టి ఇది అంత కష్టం కాదు. అలాగే ఆహార ధాన్యాల ఎగుమతి ఆపాల్సి వస్తే అప్పటికే ఒప్పందం అయిన సరుకు వెళ్లడానికి కనీసం నెల గడువు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే బడ్జెట్ లోపు ఈ రెండింటిలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో, ఎందుకు కుదరదో జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
మీ శాఖ లెక్కలు నెలనెలా చదివే ఒక పౌరుడు