చింతచెట్లు కొట్టేసి కాగితప్పూల మొక్కలా?

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు వెడల్పు చేస్తున్నారని మా ఊరి దారిలో చింతచెట్లు కొట్టేశారు. రోడ్డు వద్దని ఎవరూ అనరు, కానీ వాటి బదులు డివైడర్‌లో కాగితప్పూల మొక్కలు పెట్టి పచ్చదనం అంటుంటే ఒళ్ళు మండుతోంది. చింత చిక్కుడు కుటుంబపు చెట్టు, ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి మన పులుసులో కలిసిపోయింది. వేసవి మొదట్లో చిగురు దూసి పప్పులో వేస్తాం, చింతకాయలు ఉప్పూ పసుపూ వేసి తొక్కి జాడీకెత్తుతాం, పండు సంగతి చెప్పక్కర్లేదు. మాంసం కొట్టే మొద్దు చాలాచోట్ల చింతదే, ఎన్ని దెబ్బలు పడ్డా పెచ్చులూడదు. గింజల పొడి నూలుకు గంజి పెట్టడానికి మిల్లులకు పోతుంది. మా అమ్మమ్మ అయితే పిక్కను అరుగుమీద ఒకవైపు తెల్లగా అరగదీసి అష్టాచెమ్మాకి గవ్వల బదులు వాడేది (నేనెప్పుడూ ఓడిపోయేవాణ్ణి, అది వేరే కథ).

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ని ముంచినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇంకా ఉంది.

గింజ వేసి పెంచితే కాపుకి ఏడెనిమిదేళ్ళు పైనే పడుతుంది. అందుకని మిగిలిన నాలుగు చెట్లయినా వదిలేయమని, ఈ వానాకాలం రోడ్డు అంచున చింత మొక్కలు కూడా నాటమని అధికారులకు మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

– ఒక పాఠకుడు