బండి మీద సుంకమా, సరుకు మీద సుంకమా

విశాఖపట్నం,
11 ఆగస్టు 2024

అమ్ములూ,

మొన్న ఫోన్లో "ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీఓలో ఈ-కామర్స్ మీద గొడవేంటమ్మా, నువ్వు కస్టమ్స్‌లో చేశావుగా" అని అడిగావు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఏదో చెప్పి పెట్టేశాను. ఇవాళ తీరిక దొరికింది. నీ సెమినార్‌కి పనికొస్తే వాడుకో.

ముందు ఒక పెట్టె సంగతి. నేను అప్రైజర్‌గా, అంటే దిగుమతి సరుకుకి విలువ కట్టే ఉద్యోగిగా ఉన్న రోజుల్లో ఒక కంపెనీకి విదేశం నుంచి వీడియో క్యాసెట్లు వచ్చాయి, సిబ్బందికి శిక్షణ ఇచ్చేవి. ఖాళీ క్యాసెట్ ఖరీదు వందల్లో ఉంటే ఇన్వాయిస్ మాత్రం లక్షల్లో ఉంది. విలువ కట్టాల్సింది ప్లాస్టిక్కుకా, అందులో ఉన్న పాఠానికా? పాఠంతో కలిపే కట్టాం. కొన్నేళ్లకి ఆ కంపెనీ గుమాస్తా వేరే పని మీద వచ్చి, "మేడమ్, ఇప్పుడవన్నీ నెట్‌లో దించేసుకుంటున్నాం" అని నవ్వాడు. పాఠం అదే, అమ్మేవాడూ కొనేవాడూ వాళ్లే. పెట్టె లేదు కాబట్టి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) లేదు, నా బల్ల మీదికి కాగితమూ రాలేదు.

1998 మేలో జెనీవాలో డబ్ల్యూటీఓ దేశాల మంత్రులు కూర్చుని తేల్చకుండా వదిలేసింది ఈ లేని పెట్టె సంగతే. ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద అప్పటిదాకా ఎవరూ కస్టమ్స్ సుంకం వేయడం లేదు, ఇకమీదటా వేయకుండా ఉందాం అనుకున్నారు. శాశ్వత ఒప్పందం కాదు, తాత్కాలికంగా ఇచ్చుకున్న మాట. ఆ తర్వాత పొడిగింపుల మీద పొడిగింపులు. ఈ ఏడాది అబుదాబిలో ఫిబ్రవరి 29న ముగియాల్సిన సమావేశం మార్చి 2 దాకా సాగింది. అక్కడా పొడిగించారు గానీ, ఈసారి చివరి తేదీ రాశారు: తర్వాతి మంత్రుల సమావేశం లేదా 2026 మార్చి 31, ఏది ముందైతే అది.

విడ్డూరం ఏమిటంటే, "ఎలక్ట్రానిక్ ప్రసారం" అంటే ఏమిటో 26 ఏళ్లలో వాళ్లు తేల్చుకోలేదు. సుంకం వద్దన్నది బండి మీదనా, అంటే ఉత్త ప్రసారం మీదనా, లేక బండిలో ఉన్న సరుకు మీదనా? సరుకుతో సహా అన్నిటికీ వర్తిస్తుందని అమెరికా వాదన. సినిమాలూ సాఫ్ట్‌వేరూ అందులోకి రావని ఇండోనేషియా అంది. మనవాళ్లూ ముందు పరిధి తేల్చండి అంటున్నారు. నీ సెమినార్‌లో దీని దగ్గరే ఎక్కువసేపు నిలబడు.

ఒక చిక్కు ముందే విప్పుకో. విదేశీ సినిమా యాప్‌కి మనం కట్టే చందాలో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది లోపలి పన్ను, ఈ మాటకీ దానికీ సంబంధం లేదు. ఇక్కడ పేచీ సరిహద్దు సుంకం గురించే.

మన తెలుగు ముక్క ఒకటుంది, వదలకు. టీసీఎస్‌కీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన అమ్మకపు పన్ను కేసులో 2004లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, సీడీలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ కూడా సరుకే అంది. సీడీ లేకపోతే? ఆ కంపెనీ గుమాస్తా నవ్వు మళ్లీ గుర్తొస్తుంది.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు మన దేశం, దక్షిణాఫ్రికా చెప్పే మాటే నాదీ. అన్నీ కంప్యూటర్లోంచే వస్తుంటే పేద దేశాలకి సుంకం ఆదాయం ఎక్కడిది? ఇప్పుడు అంత గట్టిగా అనలేను. మీ అన్నయ్య గచ్చిబౌలిలో కూర్చుని రాసే కోడ్ ఏ రేవూ తాకకుండా అమెరికా చేరుతోంది. 2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు రూ.2.41 లక్షల కోట్లు. మనం తలుపు వేస్తే వాళ్లూ వేస్తారు. వాడితో ఈ మాటంటే "అమ్మా, నన్ను పట్టుకునేలా ఉన్నావే" అన్నాడు.

అలాగని సుంకం వేసే హక్కు రాసిచ్చేయమనను. ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్ ముందుండి నడిపిన విడి చర్చల్లో, సుంకం వేయబోమన్న షరతుతో పోయిన నెల ఒక ముసాయిదా బయటికొచ్చింది. ఆ చర్చల్లో మనం మొదటినుంచీ లేము. ఆ షరతులో డేటా, సోర్స్ కోడ్ లాంటి మిగతా తగాదాలు కలిపేయకు, అది వేరే ఉత్తరం. నాకు నచ్చింది ఇండోనేషియా లౌక్యం. 2018లో తమ టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) డిజిటల్ సరుకులకని 99వ చాప్టర్ తెరిచి, ఎదురుగా సుంకం సున్నా అని రాసుకుంది. గది కట్టి తాళం చెవి దగ్గరుంచుకున్నట్టు.

నా పాత టారిఫ్ పుస్తకం కొరియర్‌లో పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, మెల్లగా తిప్పు. 99 కోసం వెతక్కు, మనది 98తో ఆగిపోతుంది.

ఆశీస్సులతో,
అమ్మ