తట్టుకునే శక్తికి మార్కులు వేసేముందు

సంపాదకుల గారికి,

2020లో మొదలైన కరోనా లాక్‌డౌన్‌ల తర్వాత, విద్యార్థుల మనోస్థైర్యంపై వివిధ దేశాల్లో జరిగిన కొన్ని అధ్యయనాల్లో అబ్బాయిల సగటు అమ్మాయిల కంటే కొంత ఎక్కువగా కనబడింది. దీన్నిబట్టి ఆడపిల్లలు బలహీనులని తేల్చేయడం తొందరపాటు. మనోస్థైర్యాన్ని కొలవడానికి తరచుగా వాడే కానర్-డేవిడ్‌సన్ కొలమానంలో 25 వాక్యాలుంటాయి; ఒక్కోదానికి విద్యార్థే 0 నుంచి 4 వరకు మార్కులు వేసుకోవాలి. బాధ బయటపెట్టడం మగవాడి లక్షణం కాదని వింటూ పెరిగిన కుర్రాడు, దిగులును దాచుకోని అమ్మాయి వేసుకునే మార్కులను ఒకే తూకంలో పెట్టలేం.

ఉదయగిరి, కొండపి వంటి మెట్ట ప్రాంతాల్లో ఇంటికున్న ఒక్క స్మార్ట్‌ఫోన్ అన్నదమ్ముల చేతిలో ఉంటే, వంటపని ముగించుకుని మిగిలిన వేళలో పాఠాలు విని, ఒకపక్క పెళ్లి మాటలు నడుస్తున్నా డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి ఓర్పు ఆ 25 వాక్యాల్లో దేని కింద నమోదవుతుంది? ఇల్లు గడవక రొయ్యల చెరువుల మీద పనికి కుదిరి, మళ్లీ తరగతికి రాని అబ్బాయి అసలు లెక్కలోకే రాడు. (అబ్బాయిల సగటు పెరగడానికి అదీ ఒక కారణం కావచ్చు.)

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాలు ఇటువంటి సర్వే చేపడితే, ఇంటిపని గంటలు, సొంత ఫోన్ ఉందా లేదా అన్నది, చదువు మానేసినవారి వివరాలు కూడా సేకరించాలని మనవి. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ ఉచిత నంబరు 14416ను హాల్‌టికెట్ల మీదే ముద్రిస్తే, నోటీసుబోర్డు ముందు నిలబడి రాసుకోవడానికి మొహమాటపడే అబ్బాయిలకూ అది చేరుతుంది.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, కావలి