మిరప కోతలకి వచ్చిన గర్భిణీల రక్త పరీక్షలకి సాయం చేసిన అందరికీ థాంక్స్

అందరికీ నమస్తే. నేను పల్నాడులో ఒక ఊళ్ళో ఆశా వర్కర్ని. ఊరి పేరు రాయట్లేదు, ఎందుకో చదువుతుంటే మీకే అర్థమవుద్ది. మొన్న ఆదివారం మా ఊళ్ళో కోతలకి వచ్చిన కూలీల ముఠాల్లో 11 మంది గర్భిణీలకి ఒక్క పూటలో పరీక్షలన్నీ అయ్యాయి, బీపీ, రక్తం పర్సెంటేజీ, షుగరు, యూరిన్, వాటితో పాటు హెచ్ఐవీ, సిఫిలిస్ కూడా. ఆ రోజు నుంచి అందరికీ థాంక్స్ చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే ఉన్నా, ఈ రోజు కుదిరింది.

తెలియనోళ్ళకి ముందు ఈ సంగతి చెప్పాలి. జనవరి వచ్చిందంటే కోసిగి, ఆదోని, మంత్రాలయం అటువైపు నుంచి ముఠాలు ముఠాలుగా మా వైపు కాయ కోతలకి వస్తారు, పిల్లల్ని, ముసలోళ్ళని, గిన్నెలని, జొన్నపిండి మూటల్ని అన్నీ వెంటేసుకుని. చేల పక్కన బరకాలు కట్టుకుని రెండు మూడు నెలలు ఉంటారు. కోసినంతకే కూలి. వాళ్ళల్లో ఐదో నెల, ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లలు కూడా వంగి కాయ కోస్తుంటారు. వాళ్ళ తల్లీబిడ్డ కార్డేమో సొంతూళ్ళో పెట్టెలో ఉంటది, మనిషేమో ఇక్కడ చేలో ఉంటది. అక్కడి ఆశా లిస్టులో ఊళ్ళో లేరు అని ఉంటది, నా లిస్టులో అసలు పేరే ఉండదు.

ఒకసారి ఒకమ్మాయికి ఇట్టాగే ఎక్కడా పరీక్ష కాలేదు, నొప్పులొచ్చాక 108లో తీసుకెళ్తే కాన్పు గదిలో చేసిన టెస్టులో హెచ్ఐవీ ఉందని తెలిసింది. అప్పటికప్పుడు మందు వేశారు, బిడ్డ పుట్టగానే సిరప్ మొదలుపెట్టారు, కానీ ఐదో నెలలోనే తెలిసుంటే ఆ తల్లికి నాలుగు నెలలు మందు పడేది కదా, ఒంట్లో వైరస్ తగ్గిపోయేది కదా. ఆ అమ్మాయి నన్ను అడిగిన మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా, "అక్కా, నాకు ముందే ఎవురూ ఎందుకు చెయ్యలేదు?" అంది. అడిగాం, ఒప్పుకోలేదు అని పుస్తకంలో రాసి ఉంది. రాసింది నేనే.

అప్పుడు కూర్చుని ఆలోచించా, అసలు నేను ఎట్టా అడిగాను అని. చేలో, పదిమంది మధ్యలో, వాళ్ళాయన, అత్త పక్కనే ఉండగా "హెచ్ఐవీ టెస్టు చేయించుకుంటావా" అని అడిగా. ఎవరు మాత్రం ఊఁ అంటారు? ఊఁ అంటే ఆ అమ్మాయికి ఏదో అనుమానం ఉందనుకుంటారు. మా ఆయన్ని అడిగి చెప్తా అంటారు, మేం అట్టాంటోళ్ళం కాదు అంటారు. పీహెచ్‌సీకి రమ్మంటే ఒక రోజు కూలి పోద్ది, ఆటోకి డబ్బులు, తీరా పోయాక ల్యాబ్ టెక్నీషియన్ ఆ రోజు ఇంకో చోట డ్యూటీ అంటారు, లేకపోతే కిట్లు అయిపోయినయ్ రేపు రా అంటారు. రెండోసారి ఏ కూలిమనిషీ రాదు. దాన్ని మనం ఒప్పుకోలేదు అని రాసుకోవడం ఎంత అన్యాయమో నాకు అప్పటిదాకా తెలియలేదు.

అందుకే ఈసారి ముందు ముఠా మేస్త్రి దగ్గరికి పోయా. మేస్త్రి అన్నా, నీకు మొదటి థాంక్స్. మొదట "ఒక పూట పోతే ఎంత పోతాదో నీకు తెలుసామ్మా" అన్నాడు, నిజమే. తర్వాత ఆయనే దారి చెప్పాడు. ఆ పూట మిగతా ఆడోళ్ళు తలా కాసిని కాయలు వీళ్ళ సంచుల్లో పోశారు, సాయంత్రం కాటా వేసేటప్పుడు 11 మంది పేర్లకీ తూకం పడింది. నేను కళ్ళారా చూశా. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ముఠా తల్లులకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆటో తమ్ముడు నాలుగు ట్రిప్పులు తిప్పాడు, పైసా తీసుకోలేదు, గుంతలొచ్చిన చోటల్లా ఆపి ఆపి పోనిచ్చాడు.

టైలర్ అన్న గురించి ఇంకాస్త రాయాలి. పరీక్షకి నాకు కావాల్సింది తలుపున్న ఒక గది, అంతే. చెట్టు కింద టేబుల్ వేసి చేస్తే లోపల మాట్లాడేది బయటికి వినపడుద్ది, ఎవరు ఎక్కువసేపు కూర్చున్నారో కూడా లెక్కపెట్టుకుంటారు. టైలర్ అన్న ఆదివారం కొట్టు కట్టేసి వెనక గది ఇచ్చాడు. కిటికీకి రెక్క లేదని చెప్తే కుట్టడానికి వచ్చిన లైనింగ్ గుడ్డ రెండు మడతలు వేసి మేకులు కొట్టాడు, కొట్టి బయటికెళ్ళి నిలబడి లోపల మమ్మల్ని మాట్లాడమని, వినపడుతుందా లేదా అని తనే చూసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు ఆ పని.

మేం దీన్ని హెచ్ఐవీ క్యాంపు అని ఎక్కడా అనలేదు. రక్త పరీక్షలు అన్నాం, గర్భిణీలే కాదు, పెద్దోళ్ళకి కూడా బీపీ షుగరు చూస్తాం అన్నాం. లోపలికి వచ్చాక మాత్రం ఒక్కొక్కరికీ విడిగా, ఏ పరీక్ష ఎందుకో, ఏమొస్తే ఏం చేస్తామో చెప్పి, సరేనంటేనే చేశారు. దాచిపెట్టి చేస్తే అది కూడా తప్పే, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం చెప్పి, ఒప్పుకున్నాకే హెచ్ఐవీ పరీక్ష చెయ్యాలి. ఒకావిడ కోడల్ని పంపనని గుమ్మంలో కూర్చుంది, "ముందు నాకు చెయ్యమ్మా, ఆమీద మా పిల్ల సంగతి" అంది. చూస్తే ఆవిడకే బీపీ బాగా ఎక్కువుంది. మా ఏఎన్ఎం (ఊళ్ళో నర్సు) సిస్టర్ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి బీపీ మాత్రల సంగతి ఓపిగ్గా చెప్పింది. అప్పుడు ఆవిడే లేచి కోడలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అమ్మా, మీక్కూడా థాంక్స్, మాత్రలు మానొద్దు.

ఇంకొకటి, ఇది మిరప ఊళ్ళ వాళ్ళకే తెలుసుద్ది. నెలరోజులు కాయ కోసిన చేతులు ఎట్టా ఉంటాయో, వేళ్ళ చివర్లు పగిలి మండుతూ ఉంటాయి, ఆ వేలికి స్పిరిట్ దూది తగిలితే ప్రాణం పోయినట్టుంటది. మొదట వచ్చిన పిల్ల సూదికి భయపడలేదు, దూది తగలగానే చెయ్యి వెనక్కి లాక్కుంది, కళ్ళ నీళ్ళొచ్చేశాయి. సిస్టర్ ఆగి, బకెట్లో నీళ్ళు తెప్పించి, సబ్బుతో ఒక్కొక్క పిల్ల చేతులు తనే కడిగింది. పగుళ్ళు లేని వేలు వెతికి వెతికి అక్కడే చుక్క రక్తం తీసింది. 11 మందికీ అంతే. గవర్నమెంటోళ్ళు పట్టించుకోరు అనేవాళ్ళు ఆ రోజు మా సిస్టర్‌ని చూసి ఉంటే బాగుండేది.

హెచ్ఐవీ పరీక్షల గురించి విడిగా కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలర్ మేడం సెలవు రోజు బండి మీద వచ్చారు. ఎవరికి ఏం వచ్చిందో నేను రాయను. ఎవరికైనా వచ్చిందా లేదా అని కూడా రాయను, ఇంత చిన్న ముఠాలో అంకె రాస్తే పేరు రాసినట్టే. దయచేసి కామెంట్లలో అడగొద్దు. అందరికీ తెలియాల్సింది మాత్రం రాస్తా. హెచ్ఐవీకి వేలి చుక్కతో చేసేది మొదటి పరీక్షే, అందులో తేడా వస్తే ఐసీటీసీలో, అంటే గవర్నమెంటు హెచ్ఐవీ పరీక్షల సెంటర్లో, మూడు రకాల కిట్లతో చూశాకే ఖాయం చేస్తారు. ఖాయమైతే గర్భిణీకి వెంటనే మందు మొదలుపెడతారు, మన దేశంలో 2014 నుంచి ఇంతే, సీడీ4 (ఒంట్లో రోగాల్ని తట్టుకునే కణాల లెక్క) ఎంతుందా అని ఆగేది లేదు, ఖర్చూ లేదు. అసలు మందే లేకపోతే నూరుమందిలో 15 నుంచి 45 మంది బిడ్డలకి తల్లి నుంచి రావచ్చు, తల్లీబిడ్డా సరిగ్గా మందు వాడితే అది 5 లోపుకి వస్తది. బిడ్డకి ఆరు వారాలప్పుడు రక్తపు చుక్క పరీక్ష, 18 నెలలప్పుడు ఇంకోసారి. డౌట్లుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

కోతలు అయ్యాక వీళ్ళు ఊరెళ్ళిపోతారు, అప్పుడెట్టా అని నాకు నిద్ర పట్టలేదు. కొందరు సొంతూరు కాదు, కాన్పుకని పుట్టింటికి పోతారు, అది మళ్ళీ ఇంకో మండలం. 11 మందికీ కొత్త కార్డులు రాసి చేతికిచ్చాం, వాళ్ళ దగ్గరే అడిగి, వాళ్ళు సరేనన్నాకే అక్కడి ఆశాలకి ఫోన్లు చేశా. రాత్రి తొమ్మిదింటికి చేసినా ఒక అక్క ఎత్తింది, నేనెవరో తెలియదు, నా మాట పూర్తి కాకముందే "మా ఊరి పిల్లలే కదమ్మా, ఏ బస్సుకొస్తారో చెప్పు చాలు, నేను స్టాండులో ఉంటా" అంది. అక్కా, నీ ముఖం కూడా నేను చూడలేదు, నీకు చాలా చాలా థాంక్స్.

టైలర్ అన్నా, నీ రెండు కుర్చీలు, బకెట్ మా ఇంట్లోనే ఉన్నాయి, రేపు పొద్దున మా పెద్దోడితో పంపిస్తా. లైనింగ్ గుడ్డ మాత్రం కిటికీకి అట్టాగే ఉంచు అన్నా, ఉగాది లోపు ఇంకో ముఠా వస్తదంట.